దిల్‌సుఖ్‌నగర్ దారిలో ద్రాక్ష పందిళ్లు: తూర్పు హైదరాబాదు తోటపని చరిత్ర

చాదర్‌ఘాట్ దగ్గర మూసీ నదిని విడిచి తూర్పుకు సాగే రహదారి మలక్‌పేట, దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట, ఎల్బీనగర్, హయత్‌నగర్‌ల మీదుగా విజయవాడకు, అక్కడి నుంచి మచిలీపట్నం రేవుకు చేరుతుంది. గోల్కొండ సుల్తానుల కాలంలో రాజధానినీ సముద్రాన్నీ కలిపిన ఈ బాట వెంట ఇప్పుడు మెట్రో స్తంభాలు, బట్టల దుకాణాలు, శిక్షణ సంస్థలు, అపార్ట్‌మెంట్లు బారులు తీరి ఉండటం వల్ల, ఈ ప్రాంత చరిత్ర అంటే కాలనీల చరిత్రే అన్న అభిప్రాయం స్థిరపడింది. అయితే ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధం దాకా ఇది చెరువుల కింద వరి, చెలకల్లో జొన్న, బావుల కింద తోటలు పండిన నేల. ఆ తోటల్లో అన్నిటికంటే ఎక్కువ పెట్టుబడినీ, ఎడతెగని మనిషి శ్రమనూ, రోజు లెక్క తప్పని కాలజ్ఞానాన్నీ కోరిన పంట ద్రాక్ష. ఆ పంట ఈ నేలకు ఎలా వచ్చింది, ఏడాది పొడవునా దాని చుట్టూ ఏ పనులు నడిచాయి, పండు ఇంత విరివిగా పండిన చోట ద్రాక్షసారా తయారీ ఎందుకు వేళ్లూనుకోలేదు, చివరికి పందిళ్లు ఎందుకు కూలాయి అన్న ప్రశ్నలకు సమాధానం వెదికితే, నగర చరిత్రలో ఇంతవరకు తగిన చోటు దక్కని ఒక వృత్తి పరిచయమవుతుంది.

గోల్కొండ నాటి తీగలు

దక్కనులో ద్రాక్ష సాగుకు మూలాలు సుల్తానుల యుగంలో ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాదుకు మార్చినప్పుడు ఉత్తరాది నుంచి, పర్షియా నుంచి వచ్చిన తోటమాలుల వెంట ద్రాక్ష తీగ కూడా దక్షిణానికి దిగిందని ఉద్యాన శాస్త్ర చరిత్రకారులు చెబుతారు. బహమనీల తరువాత గోల్కొండను ఏలిన కుతుబ్‌షాహీలకు ఇరాన్‌తో మతపరమైన, సాంస్కృతికమైన అనుబంధం గాఢంగా ఉండేది కాబట్టి, హైదరాబాదు నిర్మాణంలో చార్‌మినార్ ఎంత ప్రధానమో దాని చుట్టూ వేసిన బాగ్‌లు, అంటే ప్రహరీ గోడలతో, నీటి కాలువలతో కూడిన తోటలు, అంతే ప్రధానంగా నిలిచాయి.

అబ్దుల్లా కుతుబ్‌షా పాలనలో, 1666–67 ప్రాంతంలో, గోల్కొండ రాజ్యంలో పర్యటించిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద థెవెనో తన యాత్రా గ్రంథంలో ఇక్కడి ద్రాక్షను ప్రత్యేకంగా ప్రస్తావించాడు. తోటలకు ఎండ తగిలే తీరును బట్టి పండు జనవరి నుంచి ఏప్రిల్ వరకు వరుసగా కోతకు వస్తుందనీ, దానితో తెల్ల ద్రాక్షసారా తయారు చేస్తారనీ, కోత అయ్యాక తీగను కత్తిరిస్తే వేసవి నడుమ మరోసారి కాసే కాయ నుంచి పుల్లని రసం దొరుకుతుందనీ అతడు నమోదు చేశాడు. యూరపులో ద్రాక్ష శరదృతువులో పండుతుంది. ఇక్కడ మాత్రం ఉత్తరాయణంలో పండుతుంది. మూడున్నర శతాబ్దాల క్రితం నాటి ఈ వివరణ ఇరవయ్యో శతాబ్దపు హైదరాబాదు రైతు పాటించిన పంటకాలంతో దాదాపుగా సరిపోవటం గమనించదగినది. రకాలు మారాయి, యజమానులు మారారు, రాజ్యాలు మారాయి. ఈ నేల మీద ద్రాక్ష నడిచే క్యాలెండరు మాత్రం మారలేదు.

ఆ కాలంలో ఉన్నత వర్గాల విందుల్లో స్థానిక సారాతో పోటీపడింది షీరాజ్ నుంచి వచ్చిన సారా. పర్షియా సింధుశాఖ రేవుల్లో ఓడలెక్కే ఆ సీసాలు తీరం మీది వర్తక స్థావరాలకు, అక్కడి నుంచి బండ్ల మీద లోపలి నగరాలకు చేరేవి. హయాత్ బక్షీ బేగం పేరు మీద వెలసిన హయత్‌నగర్ సరాయి, మసీదు ఆ రాకపోకలకు నేటికీ సాక్ష్యం. అంటే ఇప్పటి ఎల్బీనగర్ కూడలి మీదుగా సాగిన ఈ బాట ఆనాడే పండుకూ పానీయానికీ అలవాటుపడిన బాట.

అనాబ్-ఎ-షాహీ రాక

ఆధునిక కాలపు హైదరాబాదు ద్రాక్షకు పేరు తెచ్చిన రకం అనాబ్-ఎ-షాహీ. రాచద్రాక్ష అని అర్థమిచ్చే ఈ రకాన్ని పందొమ్మిదో శతాబ్ది చివరి దశకంలో హైదరాబాదులో నాటి వ్యాప్తిలోకి తెచ్చిన ఘనతను ఉద్యాన గ్రంథాలు అబ్దుల్ బాఖర్ ఖాన్‌కు ఇస్తాయి. ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లలో నిజాం ప్రభుత్వ ప్రోత్సాహం కూడా దానికి తోడైంది. పొడవైన కాయ, పండినప్పుడు తేనెరంగు, పలచని తొక్క, లోపల గింజలు, పెద్ద గుత్తి దీని లక్షణాలు. దిగుబడిలో ఇది అసాధారణమైనది: హెక్టారుకు సగటున 35 టన్నుల వరకు ఇవ్వగల ఈ రకం తరువాతి కాలంలో కర్ణాటకకు, పంజాబు, హర్యానాలకు పాకింది. దాని నుంచి ఎంపిక చేసిన దిల్‌ఖుష్ అనే మరింత పొడుగు కాయ రకం కూడా ప్రాచుర్యం పొందింది.

నగర శివార్లలోని నేల ఈ రకానికి చక్కగా నప్పింది. గ్రానైటు రాయి శిథిలమై ఏర్పడిన ఇసుక పాలు ఎక్కువైన ఎర్రనేలను తెలంగాణలో చెలక అంటారు. చెలకలో నీరు నిలవదు, వేరు కుళ్లదు, ఎరువు వేస్తే తీగ వెంటనే అందుకుంటుంది. ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధికభాగం జూన్–సెప్టెంబరు మధ్య కురిసిపోయి, అక్టోబరు చివరి నుంచి మార్చి దాకా ఆకాశం పొడిగా ఉండటం పూతకూ కాయకూ అనుకూలం. లోపమల్లా ఎండాకాలపు నీటికే. దాన్ని మోటబావులు, ఆ తరువాత విద్యుత్ మోటార్లు, మరి కొంతకాలానికి బోరుబావులు తీర్చాయి. 1626లో తవ్వించిన సరూర్‌నగర్ చెరువు, దాని చుట్టుపక్కల కుంటలు ఆ బావుల్లో ఊటను నిలబెట్టిన ఆధారాలు.

ఈ పరిస్థితులన్నీ కలిసిరావటంతో నగరానికి ఉత్తరాన అల్వాల్, మేడ్చల్ వైపు, దక్షిణాన శంషాబాదు వైపు పెరిగినట్టే తూర్పున సరూర్‌నగర్, నాగోల్, ఉప్పల్, హయత్‌నగర్ వైపు కూడా ద్రాక్ష తోటలు పెరిగాయి. 1978లో హైదరాబాదు జిల్లా గ్రామీణ ప్రాంతాన్ని వేరుచేసి రంగారెడ్డి జిల్లాను ఏర్పరచినప్పుడు, ఆ కొత్త జిల్లా ఆంధ్రప్రదేశ్ ద్రాక్ష సాగులో ముందు వరుసన నిలిచింది. 1964లో ఏర్పడిన వ్యవసాయ విశ్వవిద్యాలయం రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధనకు ప్రత్యేక కేంద్రాన్ని నడపటానికి కారణం చుట్టూ ఉన్న ఈ రైతులే.

ఏడాదికి రెండు కత్తిరింపులు

సమశీతోష్ణ దేశాల్లో ద్రాక్ష తీగ చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. వసంతంలో దానంతట అదే మేల్కొంటుంది. పదిహేడో అక్షాంశం మీద ఉన్న హైదరాబాదులో ఆ నిద్రకు తగిన చలి లేదు. తీగను దాని ఇష్టానికి వదిలేస్తే ఏడాదంతా ఆకు వేస్తూ, పండు మాత్రం ఇవ్వకుండా పాకిపోతుంది. అందువల్ల ప్రకృతి చేయని పనిని ఇక్కడ మనిషి కత్తెరతో చేయవలసి వచ్చింది. ఏడాదికి రెండుసార్లు కత్తిరించి ఒక్క పంట తీసుకోవటం అనే ఈ పద్ధతే దక్కను ద్రాక్ష సాగుకు వెన్నెముక.

తోట వేయటమే ఒక నిర్మాణం. మీటరు లోతున గుంతలు తవ్వి, పశువుల ఎరువు, గొర్రెల ఎరువు, ఆముదం పిండి, ఎముకల పొడి కలిపి నింపి, వేరు దిగిన కొమ్మ ముక్కలను నాటేవారు. వరుసల వెంట రాతి కడీలు, అంటే గ్రానైటు నుంచి చీల్చిన నిలువు స్తంభాలు, పాతి, మనిషి చేయెత్తితే అందేంత ఎత్తులో ఇనుప తీగలను అడ్డంగా, నిలువుగా అల్లితే పందిరి తయారయ్యేది. ఒంటి కాండంగా పందిరి దాకా పెంచిన తీగ తలను తుంచి, దాని చేతులను నాలుగు వైపులా పరిచేవారు. అనాబ్-ఎ-షాహీ వంటి ఉద్ధృతంగా పెరిగే రకానికి ఈ పందిరి తప్పనిసరి. పైన ఆకు ఎండను మోస్తే కింద గుత్తి నీడలో వేలాడుతూ కమిలిపోకుండా పండుతుంది. ఒక ఎకరం తోటకు రాయికీ ఇనుముకీ పెట్టే ఖర్చు సామాన్య రైతుకు అందనిది కావటంతో, ద్రాక్ష తోట ఉండటం ఊరిలో హోదాకు గుర్తుగా మారింది.

తోట సంవత్సరం ఉగాది తరువాత మొదలయ్యేది. కోత ముగిసిన తీగకు కొద్ది రోజుల విరామం ఇచ్చి, ఏప్రిల్‌లో మొదటి కత్తిరింపు జరిపేవారు. అప్పుడు పాత కొమ్మలన్నిటినీ ఒకటి రెండు కణుపుల మేరకు మాత్రమే ఉంచి తీసివేస్తారు. కణుపు అంటే ఆకు పుట్టే ముడి, దాని చంకలోని మొగ్గను రైతులు కన్ను అంటారు. ఆ కన్ను నుంచి రోహిణి కార్తె ఎండల్లో వచ్చే కొత్త కొమ్మే వచ్చే ఏటి పంటకు తల్లి. ఆ కొమ్మ పెరిగిన నెలన్నర నుంచి రెండు నెలల మధ్య కాలంలో, కంటికి కనిపించకుండా, దాని కళ్లలో రాబోయే గుత్తులు రూపు దిద్దుకుంటాయి. ఆ రోజుల్లో కొమ్మకు ఎండ సోకకపోయినా, నత్రజని మితిమీరినా, నీరు ఎక్కువైనా కన్ను గొడ్డుబోతుంది. ఆకే వస్తుంది, గుత్తి రాదు. పంట భవిష్యత్తు చేతికి రావటానికి తొమ్మిది పది నెలల ముందే నిర్ణయమైపోతుందన్న ఈ సంగతి తెలిసినవాడే నిజమైన ద్రాక్ష రైతు. అదనపు చిగుళ్లు గిల్లటం, కొమ్మ కొనలు తుంచటం, కొమ్మలు ఒకదాని మీద ఒకటి పడకుండా పందిరికి కట్టటం వంటి ఎండాకాలపు పనులన్నీ దీని కోసమే.

మృగశిర కార్తెతో వానలు దిగితే పని స్వభావం మారుతుంది. వానాకాలమంతా తెగుళ్లతో పోరాటం. ఆకు అడుగున తెల్లగా అలుముకునే బూజు తెగులు, పిండి చల్లినట్టు కనిపించే బూడిద తెగులు, కాయ మీద గుండ్రని మచ్చలు వేసే పక్షికన్ను తెగులు ఈ తోటల ప్రధాన శత్రువులు. బూజు తెగులుకు విరుగుడుగా వాడిన బోర్డో మిశ్రమం ఫ్రాన్సులోని బోర్డో ద్రాక్ష తోటల్లో, 1880ల నడుమ, మియార్దే అనే వృక్షశాస్త్రవేత్త పరిశీలనల నుంచి పుట్టింది. వంద లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం చొప్పున కలిపిన ఆ నీలిరంగు ద్రావణంతో సరూర్‌నగర్ చెలకల్లోని పందిళ్లూ తడిశాయి. యూరపు సారా తోటల అనుభవం హైదరాబాదు తోటకు నేరుగా చేరిన సందర్భాల్లో ఇది ముఖ్యమైనది.

దసరా వచ్చేసరికి వానలు వెనకపడతాయి. చిత్త, స్వాతి కార్తెల నడుమ, అంటే అక్టోబరులో, రెండో కత్తిరింపు. ఇది పండు కోసం చేసే కత్తిరింపు కాబట్టి చేయి తిరిగిన పనివాళ్ల చేతనే చేయించేవారు. వేసవిలో పెరిగి గట్టిపడిన కొమ్మ లావును, రంగును పరిశీలించి, గుత్తి దాగి ఉన్న కన్ను ఏ కణుపు దగ్గర ఉందో అంచనా వేసి, రకాన్ని బట్టి ఐదు నుంచి పది కణుపుల దాకా ఉంచి కత్తిరించాలి. ఒక కణుపు ముందు కోస్తే పంట కత్తెర వెంట నేల పాలవుతుంది. తేదీ ఎంపికలోనూ ఇంతే జాగ్రత్త అవసరం: ముందుగా కత్తిరిస్తే చివరి వానలకు లేత చిగురు బూజు పట్టిపోతుంది, ఆలస్యమైతే చలికి కన్ను పగలదు, కాయ మార్చి ఎండల్లో చిక్కుకుంటుంది. కళ్లు ఒకేసారి మేల్కొనటానికి హైడ్రోజన్ సైనమైడ్ ద్రావణాన్ని అద్దే పద్ధతి తరువాతి దశాబ్దాల్లో వచ్చింది.

కత్తిరించిన నలభై రోజులకు పూత, ఆ వెనుక మిరియపు గింజంత పిందె, సంక్రాంతి నాటికి పచ్చికాయ, శివరాత్రి ప్రాంతంలో మెత్తబడటం, ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా కోత. ఈ నడుమ ఒత్తుగా పడిన గుత్తుల్లో పిందెలను పలచన చేయటం, పక్షులను తోలటం, పక్వం దగ్గరపడినప్పుడు నీరు తగ్గించటం జరిగేవి. పిందెలు గిల్లటం, కోత, ఏరివేత వంటి పనుల్లో స్త్రీల నైపుణ్యానిదే పైచేయి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పడే ఒక్క వడగళ్ల వాన ఏడాది శ్రమను గంటలో తుడిచిపెట్టగలదు కాబట్టి, పండు పందిరి మీద ఉన్నంతకాలం యజమానికీ కూలీకీ కూడా నిశ్చింత ఉండేది కాదు.

నేలమాళిగ ఎందుకు వెలవలేదు

ద్రాక్ష తోట అనగానే యూరపు పాఠకుడి ఊహకు తోట పక్కనే నేలమాళిగ, అందులో చెక్క పీపాలు, వాటి మధ్య ఏడాదంతా తిరిగే చిన్నకారు సారా తయారీదారు కనిపిస్తారు. అక్కడ కోత ముగిసేసరికి చలికాలం ప్రవేశిస్తుంది. చితక్కొట్టిన పండు రసంలోని చక్కెరను ఈస్టు అనే సూక్ష్మజీవి ఆల్కహాలుగా మార్చే ప్రక్రియ, అంటే పులియటం, చల్లని వాతావరణంలో నిదానంగా సాగుతుంది. మడ్డి అడుగుకు దిగుతుంది. పైన తేరిన సారాను ఒక పీపా నుంచి మరో పీపాలోకి వంచుతూ వసంతం దాకా కాపాడతారు. తోటపనీ నేలమాళిగ పనీ ఒకదాని వెంట ఒకటి, రుతువు సాయంతో నడుస్తాయి.

హైదరాబాదులో కోత ముగిసేసరికి ఎండాకాలం ప్రవేశిస్తుంది. పులుస్తున్న రసం తనంతట తాను వేడెక్కుతుంది. బయటి వేడి దానికి తోడైతే ఈస్టు చచ్చిపోయి పులియటం సగంలో ఆగుతుంది, లేదా సారా కాస్తా పుల్లబడి వెనిగరుగా మారుతుంది. కృత్రిమంగా చల్లబరిచే ఉక్కు తొట్లు లేని కాలంలో ఈ నేల మీద నిలవ ఉండే సారా చేయటం రుతువుకు ఎదురీదటమే. థెవెనో చెప్పిన తెల్ల సారా రాచనగరులో గిరాకీ ఉన్నంతకాలం నడిచి, ఆ దర్బారు అంతరించాక వృత్తిగా మిగలకపోవటానికి ఈ వాతావరణమూ ఒక కారణమని భావించవచ్చు.

రెండో కారణం రకం. నిలకడైన సారాకు పండులో చక్కెర ఇరవై శాతానికి పైగా ఉండాలి. అప్పుడే ఆల్కహాలు పన్నెండు శాతం దగ్గరకు చేరుతుంది. అనాబ్-ఎ-షాహీలో కరిగే ఘనపదార్థాలు, ప్రధానంగా చక్కెర, 14 నుంచి 16 శాతమే. నేరుగా పులియబెడితే ఎనిమిది తొమ్మిది శాతం ఆల్కహాలు మాత్రమే ఉండే పలచని ద్రవం వస్తుంది. ఆ పండు విలువ పెద్ద గుత్తిలో, నోట్లో పగిలే నీటిలో ఉంది. అది తినే పండుగానే ఎంపికై, తినే పండుగానే వర్ధిల్లింది.

మూడో కారణం ప్రజల అలవాటు, ప్రభుత్వ విధానం. ఇవే చెలకల గట్ల మీద నిలిచిన తాటి, ఈత చెట్ల కల్లు ఇక్కడి శ్రామికుల పానీయం. ఆబ్కారీ వ్యవస్థ అంతా కల్లు, బట్టీసారాల చుట్టూనే పెరిగింది. చిన్న రైతు తన తోటలో తానే ద్రాక్షసారా చేసి అమ్ముకునే మార్గాన్ని ఆ వ్యవస్థ చూపలేదు. 1995 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమలైన సంపూర్ణ మద్యనిషేధం 1997లో సడలేనాటికి శివారు తోటలు ఎలాగూ తరిగిపోతున్నాయి. 2001లో ప్రత్యేక విధానం తెచ్చి, చల్లబరిచే యంత్రాలతో, సారాకు తగిన రకాలతో నాసిక్ ప్రాంతాన్ని నిలబెట్టిన మహారాష్ట్ర అనుభవం చూస్తే, ఎండాకాలపు కోత అనే అడ్డంకిని పెట్టుబడీ విధానమూ కలిసి దాటగలవని రుజువవుతుంది. హైదరాబాదు తూర్పు శివారుకు ఆ రెండూ అందే సమయానికి తోటే మిగలలేదు. క్రైస్తవ కుటుంబాల్లో క్రిస్మసు కోసం నల్లద్రాక్ష, పంచదార, గోధుమలు కలిపి జాడీలో ఊరబెట్టే ఇంటి వైన్ ఒక్కటే ఈ నగరంలో ఆ విద్యకు మిగిలిన గృహరూపం.

పండ్ల మార్కెట్టు, ప్లాట్లు

తోట నుంచి గంపల్లో, చెక్కపెట్టెల్లో బయలుదేరిన పండు 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్‌కు చేరి హర్రాజులో అమ్ముడయ్యేది. ఆ ఇరుకు చాలక 1986లో పండ్ల టోకు వ్యాపారాన్ని దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్‌ల నడుమ కొత్తపేటలో, గడ్డిఅన్నారం మార్కెట్ పేరుతో, సుమారు 22 ఎకరాల స్థలానికి తరలించారు. విచారించదగిన విషయం ఏమిటంటే, పండ్ల మార్కెట్టు తూర్పు శివారుకు వచ్చిన ఆ దశాబ్దాల్లోనే తూర్పు శివారు పండ్లతోటలు కనుమరుగవుతూ వచ్చాయి.

దిల్‌సుఖ్‌నగర్ అన్న పేరే ఈ మార్పుకు ఆనవాలు. దిల్‌సుఖ్ రామ్ పర్షాద్ అనే భూస్వామి సాగుభూములు ఇళ్ల స్థలాలుగా మారి ఆయన పేరుతో నగరంగా వెలిశాయి. లాల్ బహదూర్ శాస్త్రి పేరు పెట్టుకున్న ఎల్బీనగర్, దాని అవతల హౌసింగ్ బోర్డు వేసిన వనస్థలిపురం అదే క్రమాన్ని ముందుకు తీసుకుపోయాయి. 1975లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడింది; 2007లో ఎల్బీనగర్, గడ్డిఅన్నారం పురపాలికలు మహానగర పాలక సంస్థలో కలిశాయి; 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఎల్బీనగర్ చేరింది. ఈ మెట్లలో ప్రతిదానితోనూ నేల ధర పెరిగింది, చెరువుల్లోకి వాననీరు తెచ్చే కాలువలు మూసుకుపోయాయి, బోర్లు లోతు దిగాయి, కత్తిరింపు తెలిసిన కూలీలు భవన నిర్మాణంలోకి మళ్లారు. గింజలేని థామ్సన్ రకంతో మహారాష్ట్ర రైతులు మార్కెట్టును నింపటంతో గింజలున్న అనాబ్-ఎ-షాహీకి గిరాకీ పడిపోయింది. పందిరి కింద ఏడాదికి వచ్చే రాబడిని ప్లాటుకు ఒక్కసారిగా వచ్చే ధరతో పోల్చుకున్న రైతు తోటను వదులుకోవటాన్ని తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు.

కొత్తపేట మార్కెట్టు కూడా 2021లో మూతపడి నగరం బయట బాటసింగారానికి తరలింది. ఆ స్థలంలో సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రికి 2022 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగింది. అయితే ద్రాక్ష పండించే విద్య పూర్తిగా అంతరించలేదు. ఉత్తర శివారు అల్వాల్‌కు చెందిన రైతు చింతల వెంకటరెడ్డి మట్టి యాజమాన్యంలో చేసిన ప్రయోగాలకు 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్నారు. ద్రాక్ష సాగు ఆయన కృషిలో ప్రధాన భాగం. రాజేంద్రనగర్ పరిశోధన కేంద్రం, ఇప్పుడు కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం కింద, పలు రకాల తీగలను కాపాడుతోంది.

తూర్పు హైదరాబాదు ద్రాక్షను వాతావరణం ఓడించలేదు. గోల్కొండ కాలం నుంచి ఆ వాతావరణం ఈ పంటకు అనుకూలిస్తూనే వచ్చింది. నీటినీ నేలనూ పండించే వనరులుగా కాక అమ్ముకునే సరుకుగా మాత్రమే లెక్కించిన నగర ప్రణాళిక దాన్ని ఓడించింది. పోయిన తోటలను కాలనీల మధ్యకు తిరిగి తేలేకపోయినా, అనాబ్-ఎ-షాహీ తల్లి తీగలను నగర ఉద్యానాల్లో నిలుపుకోవటం, ఏ కణుపు దగ్గర కత్తెర వేయాలో చేత్తో ఎరిగిన వృద్ధ రైతుల, కూలీల జ్ఞానాన్ని వారి మాటల్లోనే నమోదు చేయటం ఇప్పటికీ సాధ్యమే. ఆ తరం ఇంకా మన మధ్య ఉండగానే విశ్వవిద్యాలయాలు, స్థానిక చరిత్రకారులు ఈ పనికి పూనుకోవాలి.